నరాల నొప్పి, దిగులు, ఊపిరి: అసలు–వడ్డీల లెక్క

నూజివీడు మామిడి సీమలో ముసునూరు ఒక మండల కేంద్రం. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏలూరు జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు రైతుకు ఏడాది పొడుగునా ధ్యాస మామిడిచెట్టు మీదనే. శీతకాలంలో పూత, ఆ వెనుక పిందె, ఎండలు ముదిరేసరికి కాయ. పూత మీద తేనెమంచు పురుగు పడుతుందేమోనని ఒక దిగులు. కాయ బరువెక్కిన తరువాత గాలివాన వస్తుందేమోనని మరొక దిగులు. కోసిన కాయ విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు చేరేసరికి ధర నిలుస్తుందో లేదోనని వేరొక దిగులు. చిన్నరసాలు, బంగినపల్లులు తినేవారికి ఈ దిగుళ్ళు కనబడవు.

ఈ తోటల మధ్య బ్రతికే ఒక పెద్దమనిషికి పదేళ్ళుగా మధుమేహం ఉన్నదనుకుందాం. అరికాళ్ళలో నిప్పులు తొక్కినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేడు. పగలు తోటలో తిరిగినంతసేపు కొంత మరుపు ఉంటుంది. రాత్రి పక్క మీద వాలగానే మంట రెట్టింపవుతుంది. ఈదురుగాలి వీచిన రాత్రి, అప్పు వాయిదా దగ్గరపడిన రాత్రి ఇక నిద్ర ఉండదు. ఇరుగుపొరుగువారిలో కొందరు, "అంతా నీ మనసులోనే ఉన్నది" అంటారు. మరికొందరు, "ప్రాణాయామం చెయ్యి, మందులెందుకు?" అంటారు. ఈ రెండు మాటలూ తప్పే. అయినా రెండింటిలోనూ కొద్దికొద్దిగా నిజం కలిసి ఉన్నది. ఆ నిజమెంతో, తప్పెంతో విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వార్త తెచ్చే నరమే దెబ్బతింటే

నొప్పి సహజంగా మనకు మేలు చేసేదే. ముల్లు గుచ్చుకొంటే కాలు వెనక్కు తీసుకొంటాము. వేడి గిన్నె తగిలితే చేయి లాక్కుంటాము. చర్మంలోను, కండరాలలోను ఉన్న సన్నని నాడీతంతువులు హానిని పసిగట్టి వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు వార్త పంపుతవి. ఈ తంతువులు రెండు రకాలు. పలుచని మయలిన్ తొడుగు గలవి సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో వార్తను మోస్తవి. తొడుగు లేనివి సెకనుకు 2 మీటర్లకు మించి పోలేవు. కాలి బొటనవ్రేలు రాతికి తగిలినప్పుడు మొదట చురుక్కుమని, ఒక క్షణం ఆగి సలుపు ఎత్తుకోవడానికి కారణం ఈ వేగాల తేడాయే.

ఇది ఆరోగ్యంగా ఉన్న నరం తెచ్చే వార్త. ఆ నరమే దెబ్బతింటే సంగతి వేరు. తొడుగు ఊడిన కరెంటు తీగ నిప్పురవ్వలు రాల్చినట్టు, దెబ్బతిన్న నరం ఏ హానీ లేకుండానే తనంతట తాను సంకేతాలు పుట్టిస్తుంది. అరికాలిలో నిప్పు ఉండదు. నిప్పు ఉన్నదన్న వార్త మాత్రం మెదడుకు అందుతూనే ఉంటుంది. వార్త తప్పు, బాధ మాత్రం నూటికి నూరు పాళ్ళూ నిజం. మంట, చీమలు పాకినట్టుండడం, కరెంటు షాకు కొట్టినట్టు మెరుపుపోటు, గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోవడం దీని లక్షణాలు. మూడు నెలలు దాటినా విడవకుండా ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు.

ఇందుకు కారణాలు పలు. వాటిలో ముఖ్యమైనది మధుమేహం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారని అంచనా కట్టింది. సర్పి మానిన తరువాత నెలల తరబడి మిగిలిపోయే మంట, నడుమునుంచి కాలి వరకు లాగే సయాటికా, కుష్ఠు, బి12 విటమిను లోపం, మితిమీరిన మద్యం, కొన్ని కాన్సరు మందులు మరికొన్ని కారణాలు. తెలుగునాట ఫ్లోరైడు నీటిని కూడా ఇందులో చేర్చవలసి ఉన్నది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడుతున్న సంగతిని 1937లోనే వైద్యపరిశోధకులు ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఇందుకు దేశమంతటా వినబడింది. ఫ్లోరైడు వల్ల పెరిగిన ఎముక వెన్నుపామును, నరాల మొదళ్ళను ఎట్లా నొక్కుతుందో హైదరాబాదు నాడీ శస్త్రవైద్యులు డాక్టర్ డి. రాజారెడ్డి దీర్ఘకాలం పరిశోధించారు.

నొప్పి దారిలో ఒక తూము

పూర్వం నొప్పిని గంటకు కట్టిన తాడుతో పోల్చేవారు. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ రచన ఒకటి ఆయన మరణానంతరం 1664 ప్రాంతంలో వెలువడింది. అందులో ఈ పోలిక ఉన్నది. కాలి దగ్గర తాడు లాగితే మెదడులో గంట మోగుతుంది. ఎంత లాగితే అంత మోత. ఈ లెక్కన దెబ్బ ఎంతో నొప్పి అంత ఉండవలె. కాని అనుభవం అట్లా లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో పెద్ద గాయాలు తగిలిన సైనికులలో పలువురు మార్ఫిన్ అక్కరలేదన్నారని అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్ 1946లో వ్రాశాడు. మన పెద్దమనిషి సంగతీ అంతే. శివరాత్రికి బలివే తిరునాళ్ళలో మనవడి చేయి పట్టుకొని తిరిగినంతసేపు తెలియని మంట, ఇంటికి వచ్చి పడుకోగానే తెలుస్తుంది. అరికాలి నరాలు ఆ రెండు గంటలలో బాగుపడి మళ్ళీ చెడలేదు గదా!

ఈ చిక్కుముడి విప్పినవారు రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. వెన్నుపాములోకి నొప్పి వార్తలు ప్రవేశించేచోట చెరువు తూమువంటి ఏర్పాటు ఒకటి ఉన్నదని వారు 1965లో ప్రతిపాదించారు. తూము తెరుచుకొంటే వార్తలు పొంగి పైకి పోతవి, మూసుకొంటే సన్నగిల్లుతవి. విద్యార్థులు దీనిని స్వయంగా గమనించవచ్చు. మోచేయి బల్లకు తగిలినప్పుడు చప్పున ఆ చోటును రుద్దుకొంటాము. నొప్పి కొంత తగ్గుతుంది. స్పర్శవార్తలను మోసే లావుపాటి తంతువులు చురుకెక్కి తూమును కొంత మూయడమే దీనికి కారణం.

ఈ తూముకు పైనుంచి కూడా ఆజ్ఞలు వస్తవి. కాలువ మీద పైఅధికారి చెప్పినట్టు లస్కరు షట్టరు ఎత్తి దించినట్టే, మెదడు పంపే ఆజ్ఞలను బట్టి వెన్నుపాములోని తూము తెరుచుకొంటుంది, మూసుకొంటుంది. 1969లో రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మెదడు నడిభాగంలో ఒకచోట స్వల్ప విద్యుత్తును పంపి, మత్తుమందు లేకుండానే వాటికి శస్త్రచికిత్స చేయగలిగాడు. 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనేవారు మెదడులోనే తయారయ్యే, మార్ఫిన్‌వలె పనిచేసే పదార్థాలను కనుగొన్నారు. నొప్పిని అదుపు చేసే సాధనాలు మన శరీరంలోనే ఉన్నవని దీనివల్ల రుజువైంది. మెల్జాక్, వాల్ గీసిన పటంలోని వివరాలు కొన్ని తరువాత మారినవి; తూము ఉన్నదన్న మూలభావం మాత్రం నిలిచింది.

దిగులు వేసే వడ్డీ

ఇప్పుడు దిగులు సంగతి చూద్దాం. అపాయం ఎదురైనప్పుడు శరీరం పోరుకో, పరుగుకో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లో తన గ్రంథంలో వివరించాడు. సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది, అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తవి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకొంటవి, ఊపిరి పైపైన, త్వరత్వరగా ఆడుతుంది. ఈ స్థితి ఎడతెగకుండా సాగితే శరీరానికే చేటని 1936నుంచి హాన్స్ సెల్యే పరిశోధనలు చూపినవి. దీనినే ఈనాడు అందరూ స్ట్రెస్ అంటున్నారు. తెలుగులో ఒత్తిడి అంటున్నాము.

పాము కనబడినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. గాలివానకు, అప్పుకు, అరికాలి మంటకు కూడా శరీరం అదే విధంగా స్పందిస్తుంది. అయితే ఇక్కడ పోరాడడానికీ, పారిపోవడానికీ ఎదుట ఎవరూ లేరు. మంట వల్ల భయం. భయం వల్ల కండరాల బిగువు, నిద్రలేమి. నిద్ర చాలనందువల్ల మరునాడు ఓర్పు తగ్గి, అదే మంట ఎక్కువగా తోచడం. ఇట్లా చక్రం తిరుగుతుంది. పైగా వార్తలు ఎడతెగకుండా వచ్చిపడే కొద్దీ వెన్నుపాములోని నాడీకణాలే అతిచురుకై, చిన్న వార్తను పెద్దది చేసి పంపుతవని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో చూపాడు.

అప్పు భాషలో చెబితే ఇది సులభంగా బోధపడుతుంది. దెబ్బతిన్న నరం పుట్టించే బాధ అసలు. దాని మీద భయం, నిద్రలేమి, కండరాల బిగువు, రేపేమవుతుందోనన్న ఆలోచన కలిసి చేర్చే బాధ వడ్డీ. అసలు చిన్నదైనా వడ్డీ పెరిగి మనిషిని కుంగదీస్తుంది. వడ్డీ ఉన్నంతమాత్రాన అసలు కల్పితమని ఎవరూ అనరు గదా! "అంతా నీ మనసులోనే" అనేవారు చేస్తున్న పొరపాటు అదే. నొప్పి ఉన్నదని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించవలెనని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంతోపాటు స్పష్టంగా పేర్కొన్నది.

ఊపిరి అనే పిడి

గుండెను నిదానించుమని ఆజ్ఞాపించలేము. ఎడ్రినలిన్‌ను ఆపలేము. జీర్ణకోశం మన మాట వినదు. ఈ స్వయంచాలకమైన పనులన్నిటిలో ఊపిరికి ఒక ప్రత్యేకత ఉన్నది. నిద్రలో మజ్జాముఖం దానిని నడుపుతుంది. మెలకువలో మనం కావాలనుకొంటే ఆ పని మన చేతికి తీసుకోవచ్చు. ఒకే బండికి ఇద్దరు తోలరులు ఉన్నట్టు అన్నమాట. లోపలి యంత్రాంగాన్ని బయటినుంచి పట్టుకోవడానికి దొరికే పిడి ఇది.

తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. విద్యార్థులు మణికట్టు దగ్గర నాడి పట్టుకొని, అయిదు లెక్కపెట్టేవరకు ఊపిరి నిదానంగా పీల్చి, అయిదు లెక్కపెట్టేవరకు నిదానంగా వదలవలె. పీల్చేటప్పుడు నాడి కొంచెం త్వరపడడం, వదిలేటప్పుడు కొంచెం నిదానించడం చాలామంది గుర్తుపట్టగలరు. దీనిని జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ 1847లోనే కుక్కలలో గమనించాడు. ఊపిరి వదిలేటప్పుడు పదవ కపాలనాడియైన వేగస్ గుండె మీద బిగువుగా కళ్ళెం పట్టడం ఇందుకు ముఖ్య కారణం. వేగస్ సహానుభూత పర నాడీవ్యవస్థకు చెందినది. దాని పని విశ్రాంతిని, జీర్ణక్రియను నడపడం. అందుకే నిశ్వాసాన్ని పొడిగిస్తే శరీరం విశ్రాంతి వైపు మొగ్గుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలె. ఎక్కువ గాలి పీల్చితే రక్తంలోకి ఎక్కువ ప్రాణవాయువు చేరి నరాలు బాగుపడతవని కొందరు చెబుతారు. ఆరోగ్యవంతుని ధమనుల రక్తంలోని హిమోగ్లోబిన్ మామూలు ఊపిరితోనే నూటికి 95 పాళ్ళకు పైగా ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. నిండిన కుండలో నీళ్ళు పోసినట్టే అవుతుంది తప్ప అదనపు లాభం పెద్దగా ఉండదు. అంతేకాదు, లోతుగా, వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడు అవసరానికి మించి బయటికి పోతుంది; రక్తంలో క్షారగుణం పెరిగి, స్వేచ్ఛగా ఉండే కాల్షియం తగ్గి, నరాలు మరింత ఉద్రిక్తమవుతవి. పెదవులు, వ్రేళ్ళు తిమ్మిరెక్కుతవి. నరాల నొప్పి ఉన్నవారికి ఇది కోరి తెచ్చుకొనే బాధ. కావలసినది నిదానం, గాలి ఎక్కువ కానక్కరలేదు.

పరిశోధనలు చెప్పేది

యోగాభ్యాసాలను ప్రయోగశాలలో కొలిచి చూసే పని మన దేశంలోనే తొలినాళ్ళలో జరిగింది. మహారాష్ట్రలోని లోనావళాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామను స్థాపించి, అదే సంవత్సరం యోగమీమాంస అనే పత్రికను ప్రారంభించాడు. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం, జపమాల త్రిప్పుతూ చేసే క్రైస్తవ ప్రార్థన, ఒక యోగమంత్రం రెండూ ఊపిరిని నిమిషానికి 6 సార్లకు నిదానింపజేస్తవని, రక్తపోటును సరిదిద్దే ప్రతీకార చర్య ఆ వేగం వద్ద బలపడుతుందని కనుగొన్నది. పెద్దల మామూలు ఊపిరి నిమిషానికి 12 నుంచి 18 సార్లు.

నొప్పి విషయంలో ఫలితాలు ఆశ కలిగించేవే, కాని హద్దులు గలవి. 2010లో అమెరికాలోని అరిజోనాలో జాట్రా బృందం స్త్రీల అరచేతులకు వేడి తగిలించి పరీక్షించింది. ఊపిరి వేగాన్ని సగానికి తగ్గించినప్పుడు ఆరోగ్యవంతులకు వేడి నొప్పి తక్కువగా తోచింది. ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా వ్యాధి గలవారికి ఆ లాభం అంతగా అందలేదు. 2012లో జర్మనీలో బుష్ బృందం మరొక మెలకువ చూపింది. యంత్రం చూపే గీతను తు.చ. తప్పకుండా అనుసరిస్తూ పట్టుదలగా నిదానపు ఊపిరి తీసినవారికి నొప్పి ఓర్పు పెరగలేదు. అదే వేగంతో, ఒళ్ళు వదులు చేసుకొని ఊపిరి తీసినవారికి పెరిగింది. కాబట్టి ఊపిరిని పరీక్షలాగా భావించి బిగుసుకొంటే ప్రయోజనం పోతుంది.

నరాల నొప్పి మీదనే ప్రత్యేకించి జరిగిన పరీక్షలు కొద్ది, చిన్నవి. నిద్ర, ఆందోళన, నొప్పిని తట్టుకొనే శక్తి విషయంలో కొంత మేలు కనబడుతున్నది. నొప్పిలో తగ్గుదల ఉంటే అది సాధారణంగా కొద్దిపాటిదే. అసలు అప్పు అట్లాగే ఉండి వడ్డీ తగ్గడమంటే ఇదే.

చేసే పద్ధతి

వీపుకు ఆనుడు ఉండేటట్టు కుర్చీలోనో, గోడకు చేరబడో కూర్చోవలె. కూర్చోలేనివారు పడుకొని చేయవచ్చు. ఒక చేయి పొట్ట మీద ఉంచుకొని, భుజాలను, దవడను వదులు చేయవలె. మొదట ఊపిరి నెమ్మదిగా వదలవలె. తరువాత ముక్కుతో నాలుగు లెక్కపెట్టేవరకు పీల్చవలె. ఉదరవితానం క్రిందికి దిగి పొట్ట మీది చేయి పైకి లేవవలె. ఆపకుండా, ఆరు లెక్కపెట్టేవరకు వదలవలె. ఒక్కొక్క లెక్కకు ఒక సెకను చొప్పున ఇది పది సెకన్లు. నిమిషానికి ఆరు ఊపిరులు. ఆరు వరకు లెక్క కుదరకపోతే నాలుగే చాలు. మొదట రోజుకు రెండుసార్లు అయిదేసి నిమిషాలు, అలవాటయ్యాక పదేసి నిమిషాలు చేయవచ్చు. ఒకసారి పడుకొనేముందు చేయడం మంచిది.

నొప్పి పొంగినప్పుడే మొదలుపెడదామనుకోరాదు. ఈత నేర్చుకొనేది వరదలో కాదు. నొప్పి తక్కువగా ఉన్న వేళ అలవాటు చేసుకొంటే ఎక్కువైనప్పుడు అది అక్కరకు వస్తుంది. కళ్ళు మూసుకొంటే ధ్యాసంతా మంట మీదికే పోయేవారు కళ్ళు తెరిచి, ఆకుల చప్పుడునో, గడియారం చప్పుడునో వింటూ చేయవచ్చు. తల తిరిగినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీయవలె. రక్తపోటు, గుండెజబ్బు, కంటి నీటికాసులు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టడం, భస్త్రిక, కపాలభాతి వంటి వేగపు అభ్యాసాలు వైద్యుని అడగకుండా చేయరాదు.

ఇంట్లో ఇటువంటి పెద్దలున్న విద్యార్థి ఒక నోటుపుస్తకం తీసుకొని నాలుగు వారాలు లెక్క వ్రాయవచ్చు. నొప్పి సున్నానుంచి పదిలో ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది, పగలు ఎంత దూరం నడిచారు అనే మూడు అంకెలు చాలు. నొప్పి అంకె ఆరు దగ్గరే నిలిచినా, నిద్ర మూడు గంటలనుంచి అయిదుకు పెరిగితే, నడక వాకిలి దాటి తోట దాకా సాగితే, అది గెలుపే. అట్లా జరగకపోతే దోషం ఆ మనిషిది కాదు. "నీవు సరిగా చేయడం లేదు" అని నిందిస్తే వడ్డీ మరింత పెరుగుతుంది.

ఊపిరి చేయలేని పనులు

ఊపిరి మధుమేహాన్ని అదుపు చేయలేదు; బి12 లోపాన్ని పూడ్చలేదు; కుష్ఠు సూక్ష్మజీవిని చంపలేదు; జారిన వెన్నుడిస్కును సరిచేయలేదు. అసలును తీర్చే పని వైద్యానిది. నరాల నొప్పికి మామూలు నొప్పి బిళ్ళలు అంతగా పనిచేయవు. వాటిని ఏళ్ళ తరబడి మ్రింగితే కడుపులో పుండ్లు పడతవి, మూత్రపిండాలు చెడతవి. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, డ్యులాక్సెటిన్ వంటివి ఈ నొప్పికి వైద్యులు వాడేవి. అవి అందరికీ పూర్తిగా పనిచేయవు, వాటికీ దుష్ఫలితాలు ఉన్నవి. అందుచేత వాటిని వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడవలె. ఆయనను అడగకుండా హఠాత్తుగా మానరాదు.

కొన్ని గుర్తులు కనబడితే ఊపిరి లెక్కలు కట్టిపెట్టి ఆసుపత్రికి పోవలె. పాదమో చేయో హఠాత్తుగా పట్టుతప్పడం, మలమూత్రాలు తెలియకుండా పోవడం, స్పర్శ లేని పాదం మీద పుండు, స్పర్శ తెలియని మచ్చ, ముఖం మీద కంటి దగ్గర సర్పి పొక్కులు అటువంటివి. కుష్ఠులో నరం వాచినప్పుడు సకాలంలో మందు పడితే చేయి, కాలు దక్కుతవి, ఆలస్యమైతే దక్కవు. దిగులు మరీ పెరిగి బ్రతుకు మీదనే విరక్తి కలిగినవారికి 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరాన లక్షలమంది కలిసి యోగాభ్యాసం చేశారు. అంతటి ఉత్సాహం మంచిదే. ఆ ఉత్సాహంలో ఒకవైపు ఇన్సులిన్ మానుకొన్నవాడు నష్టపోతాడు. మరొకవైపు, ఖర్చు లేని ఈ చిన్న అభ్యాసాన్ని ఎగతాళి చేసి, రాత్రంతా బిగుసుకొని పడుకొన్నవాడూ కొంత నష్టపోతాడు. పాఠశాలలో శ్వాసక్రియ, నాడీవ్యవస్థ పాఠాలు వేరువేరు అధ్యాయాలుగా ఉంటవి. ఆ రెండింటినీ కలిపి చెప్పడానికి ఉపాధ్యాయులకు ఇది చక్కని ఉదాహరణ. పాఠం విన్న పిల్లవాడు ఇంటికి పోయి తాతగారితో, "నీ నొప్పి నిజమే తాతయ్యా, మందు వేసుకో, తరువాత ఇద్దరం కలిసి పది నిమిషాలు ఊపిరి లెక్కపెడదాం" అనగలిగితే ఆ పాఠం ఫలించినట్టే.